మూడేళ్లుగా ఎక్స్‌వికీ: ఎస్ఎస్ఎల్ పెట్టిన రోజు మాయమైన కర్సర్లు

"ఏమయ్యా, నిన్నటిదాకా మేడమ్ గారు టైప్ చేస్తుంటే అక్షరాలు పడటం కనిపించేది, ఇవాళ పేజీలో నేనొక్కణ్నే ఉన్నాను, నువ్వేం చేశావ్?" అని బావ ఫోన్. ఎక్స్‌వికీ అంటే నలుగురూ బ్రౌజర్లోనే పేజీలు రాసుకోవడానికి మన సర్వర్ మీద పెట్టుకునే సాఫ్ట్‌వేర్. నేను చేసిందల్లా ఆ సర్వర్‌కి ఎస్ఎస్ఎల్ (రాకపోకలకి తాళం వేసే పద్ధతి) పెట్టడమే. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు వచ్చిందని పొద్దున్నే గ్రూపులో గొప్పగా స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను. సాయంత్రానికి ఇదీ.

ఎవరి కోసం నడుపుతున్నానో చెప్తాను. మా బావ ఒంగోలు దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. ఆయనా, చుట్టుపక్కల వేరే వేరే స్కూళ్లలో ఉన్న ఇంకో ఎనిమిది మంది టీచర్లూ కలిసి పదో తరగతి పిల్లల కోసం ప్రశ్నల బ్యాంకు తయారు చేసుకుంటారు. అంతకుముందు ఒక వర్డ్ ఫైలు వాట్సాప్‌లో ఊరేగుతూ ఉండేది. దాని పేరు ఫైనల్, తర్వాత ఫైనల్ కొత్తది, తర్వాత మేడమ్ గారు దిద్దిన ఫైనల్. ఎవరి దగ్గర ఏది ఉందో దేవుడికే తెలియాలి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా వాళ్లకి ఖాళీ, అందరూ ఒకే టైంలో కూర్చుంటారు కాబట్టి ఒకే పేజీలో కలిసి రాసుకునే వీలు ఉండాలి. అదొక్కటే వాళ్ల షరతు. మన సర్వర్ మీదే ఉండాలన్నది నా పిచ్చి.

2023 మొదట్లో ఎక్స్‌వికీ 14.10 తో మొదలుపెట్టాను. 15.10 మీదుగా ఇప్పుడు 16.10 లో ఉన్నాం. 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్), ఉబుంటు 22.04, ఎక్స్‌వికీని నడిపే టామ్‌క్యాట్ 9, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్, ముందు గుమ్మంలో వచ్చినవాళ్లని లోపలికి పంపే ఇంజిన్‌ఎక్స్. ఎక్స్‌వికీ జావా మనిషి కదా, తిండి ఎక్కువే. 2 జీబీలో పెట్టి చూశాను, సెర్చ్ ఇండెక్స్ కూడా దాంట్లోనే నడుస్తుంది కాబట్టి రెండు రోజులకే మూలగడం మొదలెట్టింది. టామ్‌క్యాట్‌కి కనీసం 1 జీబీ హీప్ (మెమరీ వాటా) విడిగా రాసివ్వాలి, లేకపోతే మొదటి ఇన్‌స్టాల్ కూడా సగంలో కూలబడొచ్చు. రీస్టార్ట్ చేస్తే లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆ టైంలో పేజీ తెరిచినవాళ్లు "సార్, సైట్ పోయింది" అని మెసేజ్ పెట్టడం మామూలే.

డోకూవికీ ఎందుకు కాదని అడుగుతారు. అదీ వాడాను, బంగారం లాంటిది, డేటాబేస్ కూడా అక్కర్లేదు. కానీ ఒకళ్లు పేజీ తెరిస్తే ఇంకొకళ్లకి తాళం పడుతుంది, మామూలుగా 15 నిమిషాలు. గంటన్నరలో తొమ్మిది మంది పని చేసుకోవాలంటే అది కుదరదు. మీడియావికీలో తాళం లేదు గానీ, ఇద్దరు ఒకే పేరా మార్చి సేవ్ కొడితే రెండోవాళ్లకి ఎడిట్ కాన్‌ఫ్లిక్ట్ పేజీ ఎదురవుతుంది. రెండు పెద్ద డబ్బాల్లో వికీ మార్కప్ చూసి మా టీచర్లలో సగం మంది ట్యాబ్ మూసేస్తారు. ఈథర్‌ప్యాడ్‌లో కలిసి రాయడం చాలా సాఫీగా ఉంటుంది, అయితే పేజీలు, విభాగాలు, ఎవరికి ఏ హక్కు అనే వికీ బాదరబందీ అంతా అందులో ఉండదు. అలా తిరిగి తిరిగి ఎక్స్‌వికీ దగ్గర ఆగాను. క్రిప్ట్‌ప్యాడ్ తెలిసినవాళ్లకి ఒక మాట: దాని పుట్టిల్లు ఎక్స్‌వికీ కంపెనీయే. కలిసి రాసే విద్య రెండింటికీ ఒకే కుదురు నుంచి వచ్చింది.

ఆ విద్య ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే తర్వాత చెప్పే గొడవంతా సులువుగా అర్థమవుతుంది. మామూలు పేజీ అంటే బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అక్కడికి పని అయిపోతుంది. కలిసి రాసేటప్పుడు అలా కుదరదు, మేడమ్ గారు అక్కడ ఒక అక్షరం కొట్టగానే బావ బ్రౌజర్ అడక్కుండానే ఇటు రావాలి. దానికోసం బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య మూయకుండా తెరిచి ఉంచే గొట్టమే వెబ్‌సాకెట్. ఇది మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ లాగే మొదలవుతుంది, అందులో "ఇకమీదట వేరే పద్ధతిలో మాట్లాడుకుందాం" అనే అర్థంతో అప్‌గ్రేడ్ అనే హెడర్ (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చీటీ) ఉంటుంది, సర్వర్ ఒప్పుకుంటే 101 అని జవాబిస్తుంది. ఆ 101 వస్తేనే పెళ్లి. 200 (మామూలు పేజీకి వచ్చే జవాబు) వచ్చినా లాభం లేదు.

ఎస్ఎస్ఎల్ లేనప్పుడు, అంటే ఐపీ అడ్రస్, 8080 పోర్టు కొట్టుకుని నేరుగా టామ్‌క్యాట్ దగ్గరికి వెళ్లినప్పుడు అంతా అద్భుతంగా నడిచింది. మొదట్లో ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లోంచి రియల్‌టైమ్ ఎడిటర్ వేసుకున్నాను, అంతే, ఇంకో సెట్టింగు ముట్టుకోలేదు. మొదటి రాత్రి తొమ్మిది మంది ఒకే పేజీలో ఒకళ్ల వెనక ఒకళ్లు "హాయ్" అని టైప్ చేసుకుని ఆనందపడ్డారు. తర్వాత పాస్‌వర్డులు తాళం లేని దారిలో వెళ్తున్నాయే అని నాకు టెన్షన్ పట్టుకుంది. డొమైన్ కొన్నాను, ఇంజిన్‌ఎక్స్ ముందు పెట్టాను, తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఒకటి తీసుకున్నాను. అక్కడ మొదలైంది.

ఏం పోయిందో వెంటనే తెలియకపోవడమే అసలు చిరాకు. పేజీలు తెరుచుకుంటున్నాయి, లాగిన్ అవుతోంది, ఎడిట్ వస్తోంది, సేవ్ కూడా అవుతోంది. ఎర్ర అక్షరాల్లో ఎక్కడా ఏ మెసేజూ లేదు. ఎవరికి వాళ్లు తమ బ్రౌజర్లో ఒంటరిగా రాసుకుంటున్నారు, ముందు సేవ్ చేసినవాళ్లది పడుతోంది, తర్వాతవాళ్లకి మార్పులు కలపాలా వద్దా అని అడిగే డబ్బా వస్తోంది. ఆ డబ్బా చూసి బావ ఏం చేశాడంటే, కంగారులో తనదే ఉంచమని నొక్కాడు. మేడమ్ గారు గంటసేపు కూర్చుని రాసిన కాంతి పాఠం ప్రశ్నలు పేజీలోంచి ఎగిరిపోయాయి. వికీ కాబట్టి హిస్టరీలో పాత వెర్షన్ భద్రంగా ఉంది, రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చాను. ఆ రెండు నిమిషాలూ ఆవిడ గ్రూపులో ఏమీ మాట్లాడలేదు, అది తిట్టినదానికంటే ఎక్కువ.

బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే మొదటి దొంగ దొరికాడు. పేజీ ఏమో హెచ్‌టీటీపీఎస్, అది తెరవబోతున్న సాకెట్ మాత్రం డబ్ల్యూఎస్ (తాళం లేని వెబ్‌సాకెట్), చివర రెండో ఎస్ లేదు. భద్రమైన పేజీలోంచి భద్రం లేని సాకెట్ తెరవడానికి బ్రౌజర్లు ఒప్పుకోవు, మిక్స్‌డ్ కంటెంట్ అని అక్కడికక్కడే ఆపేస్తాయి. సర్వర్ దాకా రిక్వెస్టే వెళ్లదు కాబట్టి సర్వర్ లాగుల్లో ఎంత వెతికినా ఏమీ కనిపించదు. నేను ముందు రెండు గంటలు వెతికింది అక్కడే.

ఎందుకలా అంటే, తాళం తీసి లోపలికి పంపేది ఇంజిన్‌ఎక్స్. దాని వెనక టామ్‌క్యాట్‌కి చేరేది మామూలు హెచ్‌టీటీపీనే. బయట జనం ఏ దారిలో వచ్చారో పాపం దానికేం తెలుసు, తన దగ్గరికి వచ్చిన దారే నిజమనుకుని డబ్ల్యూఎస్ అడ్రస్ తయారు చేసి పేజీలో పెట్టేసింది. దీనికి రెండు చోట్ల చెప్పాలి. ఇంజిన్‌ఎక్స్‌లో ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే హెడర్ పంపమనాలి, టామ్‌క్యాట్ సర్వర్ ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్లో ఆ హెడర్‌ని నమ్మమని రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టాలి. నేను మొదటిది పెట్టి రెండోది మర్చిపోయాను. హెడర్ వస్తోంది, చదివేవాడు లేడు. నిజానికి ముందే ఒక ఆనవాలు కనిపించింది, నేనే పట్టించుకోలేదు: సేవ్ కొట్టినప్పుడల్లా అడ్రస్ బార్ ఒక్క క్షణం హెచ్‌టీటీపీకి మారి మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌కి వచ్చేది. టామ్‌క్యాట్ తప్పు అడ్రస్‌కి పంపడం, ఇంజిన్‌ఎక్స్ పట్టుకుని మళ్లీ సరైన దారిలో పెట్టడం. మీ దగ్గర అలా మెరుస్తుంటే ఈ వాల్వ్ సంగతి చూసుకోండి.

అది సరిచేశాక అడ్రస్ డబ్ల్యూఎస్ఎస్ అయ్యింది. హమ్మయ్య అనుకునేలోపు కన్సోల్లో కొత్త మాట, 404. ఇదే నన్ను రెండు రోజులు తిప్పింది. 404 అంటే దొరకలేదని కదా, అంటే సాకెట్ సర్వీసే లోపల లేదేమో, ఎక్స్‌టెన్షన్ సరిగ్గా పడలేదేమో అనుకున్నాను. తీసేసి మళ్లీ వేశాను. టామ్‌క్యాట్ పది సార్లు రీస్టార్ట్ చేశాను. వెర్షన్ మారుద్దామా అనుకున్నాను. చివరికి అర్ధరాత్రి పన్నెండు దాటాక, మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. సర్వర్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి, కమాండ్‌తో రిక్వెస్ట్ పంపే కర్ల్‌తో నేరుగా 8080 పోర్టుకి అదే సాకెట్ అడ్రస్ కొట్టాను, అప్‌గ్రేడ్ హెడర్లు చేత్తో రాసి. వెబ్‌సాకెట్ వెర్షన్ అని 13 రాయాలి, ఒక కీ ఇవ్వాలి, కర్ల్‌ని హెచ్‌టీటీపీ 1.1 లోనే మాట్లాడమనాలి. వెంటనే 101 వచ్చింది. అదే రిక్వెస్ట్ డొమైన్ పేరుతో 443 కి, అంటే హెచ్‌టీటీపీఎస్ పోర్టుకి కొడితే 404. అంటే ఇంటివాళ్లు ఇంట్లోనే ఉన్నారు, గుమ్మం దగ్గర వాచ్‌మన్ కబురు అందించట్లేదు.

కారణం చెప్తే చాలా చిన్నది. అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే ఈ రెండు హెడర్లూ ఒక్క అంగ వరకే చెల్లేవి, ప్రాక్సీ, అంటే మధ్యలో కూర్చున్న ఇంజిన్‌ఎక్స్, వాటిని తనంతట తాను ముందుకి పంపదు. పైగా ఇంజిన్‌ఎక్స్ వెనక్కి మాట్లాడేది, మనం చెప్పకపోతే, నా వెర్షన్లో హెచ్‌టీటీపీ 1.0 లో. ఆ వెర్షన్లో వెబ్‌సాకెట్ ఊసే లేదు. హెడర్ లేకుండా చేరిన రిక్వెస్ట్‌ని టామ్‌క్యాట్ మామూలు పేజీ అనుకుని ఎక్స్‌వికీకి ఇచ్చింది, అది అలాంటి పేజీ లేదంది. అదీ ఆ 404 కథ. సాకెట్ దారికి విడిగా ఒక లొకేషన్ బ్లాక్ (ఆ దారికే వర్తించే సెట్టింగుల ముక్క) రాసి, 1.1 అని చెప్పి, ఆ రెండు హెడర్లూ చేత్తో పెడితే పనైపోయింది.

ఇక్కడ ఇంకో గుంట ఉంది, నాలాగే పడతారు. ఇంజిన్‌ఎక్స్‌లో పై స్థాయిలో మీరు హోస్ట్, ఫార్వర్డెడ్ ప్రోటో లాంటి హెడర్లు పెట్టి, కింద కొత్త బ్లాక్‌లో ఒక్క హెడర్ రాసినా సరే, పైవన్నీ ఆ బ్లాక్‌కి వర్తించడం మానేస్తాయి. పైవాటికి ఇవి కలుస్తాయని మనం అనుకుంటాం. కలవవు. కొత్త బ్లాక్‌లో అన్నీ మళ్లీ రాసుకోవాలి. అప్పటికి నేను పదేళ్లుగా ఇంజిన్‌ఎక్స్ ముట్టుకుంటున్నాను, ఈ సంగతి ఆ రాత్రి తెలిసింది.

ఆ మర్నాడు సాయంత్రం తొమ్మిది రంగుల్లో తొమ్మిది కర్సర్లు కనిపించాయి. బావ ఫోన్ చేసి "వచ్చేశారయ్యా అందరూ" అన్నాడు, పెళ్లివాళ్లు దిగినట్టు.

తర్వాత వచ్చింది డిస్‌కనెక్ట్ల గొడవ. కొంతమందికే, అదీ కొన్నిసార్లే. ఇలాంటివే పట్టుకోవడం కష్టం. ఒక సార్ గారికి రోజూ పోతుంది, పక్క మేడమ్‌కి ఒక్కసారి కూడా పోదు. ఆయన నెట్ బాగోలేదని తేల్చేశాం, ఆయనా పాపం కనెక్షన్ మార్చుకున్నారు. అయినా అంతే. ఒక రోజు వీడియో కాల్‌లో ఆయన స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. ఆయన పక్క ట్యాబ్‌లో టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్ తెరిచి, ఒక పేజీ నిదానంగా చదివి, ఆలోచించి, కళ్లజోడు తుడుచుకుని, అప్పుడు వికీ ట్యాబ్‌కి వస్తారు. అసలు టీచరు పనిచేసే పద్ధతే అది. కానీ ఇంజిన్‌ఎక్స్ లెక్కలో 60 సెకన్లు వెనక నుంచి ఏ మాటా రాకపోతే గొట్టం మూసేయాలి, డీఫాల్ట్ అదే. మరి అప్పుడప్పుడూ "ఉన్నావా" అని పలకరించుకుంటూ ఉంటాయి కదా అంటే, ట్యాబ్ వెనక్కి వెళ్లగానే బ్రౌజర్ దాని టైమర్లని నెమ్మది చేస్తుంది, ఐదు నిమిషాలు దాటితే క్రోమ్ నిమిషానికి ఒక్కసారే లేపుతుంది. ఇటు నిమిషం, అటు 60 సెకన్లు, అంచు మీద నడక. ప్రాక్సీ రీడ్ టైమవుట్‌ని సాకెట్ బ్లాక్‌లో మాత్రం గంటకి పెంచాను, పంపే వైపు టైమవుట్ కూడా. పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మిగతాదానికి సార్ గారికి రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకోవడం నేర్పాను, అది టెక్నాలజీ కన్నా బాగా పనిచేసింది.

స్కూల్ స్టాఫ్ రూమ్ నెట్‌లో ఒకచోట అసలు కనెక్ట్ కాదు. అక్కడి నెట్‌వర్క్ ఫిల్టర్ ఎస్ఎస్ఎల్‌ని మధ్యలో విప్పి చూసి మళ్లీ కడుతుంది, వెబ్‌సాకెట్ దానికి మింగుడుపడదు. సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూస్తే మన లెట్స్ ఎన్‌క్రిప్ట్ బదులు వేరే పేరు కనిపించింది, అలా పట్టుకున్నాను. దానికి మన సర్వర్లో చేయగలిగింది ఏమీ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోమన్నాను. ఫోన్లలో ఇంకో చిన్న తంటా మొదట్లోనే వచ్చింది: కంప్యూటర్లలో తాళం గుర్తు చక్కగా వస్తుంటే రెండు ఆండ్రాయిడ్ ఫోన్లలో సర్టిఫికెట్ నమ్మలేం అంది. నేను ఇంజిన్‌ఎక్స్‌కి ఇచ్చింది సర్ట్ అనే ఫైలు, ఇవ్వాల్సింది ఫుల్‌చైన్. మధ్యవర్తి సర్టిఫికెట్ జత చేయకపోతే కంప్యూటర్ బ్రౌజర్లు చాలావరకు ఎక్కడో తెచ్చుకుని సర్దుకుంటాయి, కొన్ని ఫోన్లు సర్దుకోవు.

సర్టిఫికెట్ల మాట వచ్చింది కాబట్టి, నాకు మొత్తం మూడేళ్లలో అన్నిటికంటే వింతగా తోచిన రాత్రి గురించి చెప్పాలి. ఎనిమిదింపావుకి బావ: "సైట్ ప్రమాదకరం అంటోందయ్యా, వైరస్ ఏమన్నా పట్టిందా?" ఇంకో ముగ్గురికీ అదే. కానీ గ్రూపులో ఇద్దరు మేడమ్‌లు "మాకు బానే ఉంది, మేము రాసుకుంటున్నాం" అంటున్నారు. ఒకే సర్వర్, ఒకే టైం, ఇద్దరికి ఉంది, నలుగురికి లేదు. సర్టిఫికెట్ గడువు అయిపోయిందని అర్థమైంది గానీ ఆ ఇద్దరి సంగతి అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది, వాళ్లు మధ్యాహ్నమే పేజీ తెరిచి పెట్టుకున్నారు. సర్టిఫికెట్ పరీక్ష గుమ్మం దాటేటప్పుడు మాత్రమే. ఒకసారి సాకెట్ తెరుచుకున్నాక, అది తెగేదాకా గడువు గురించి ఎవరూ అడగరు. నేను టైమవుట్ గంటకి పెంచి పెట్టాను కదా, అది తెగలేదు. వాళ్లిద్దరూ లోపల హాయిగా కటకాల మీద ప్రశ్నలు రాసుకుంటున్నారు, మిగతావాళ్లు బయట నిలబడ్డారు. హెచ్ఎస్‌టీఎస్ (తాళం లేని దారిలో రావద్దని బ్రౌజర్‌కి చెప్పే సెట్టింగు) కూడా పెట్టాను కాబట్టి "పర్లేదు, వెళ్తాను" అని నొక్కే వీలు కూడా వాళ్లకి లేదు.

మరి ఆటోమేటిక్‌గా రెన్యూ కావాలి కదా? అయ్యింది. సర్టిఫికెట్ తెచ్చిపెట్టే ప్రోగ్రాం సర్ట్‌బాట్ దాని పని అది చేసింది. 90 రోజుల సర్టిఫికెట్‌ని ఇంకా 30 రోజులు ఉండగానే మార్చేసింది, కొత్తది నెల రోజులుగా డిస్క్ మీద కూర్చుని ఉంది. కాకపోతే ఇంజిన్‌ఎక్స్ సర్టిఫికెట్‌ని మొదలైనప్పుడో రీలోడ్ చేసినప్పుడో మాత్రమే చదువుతుంది, తర్వాత మెమరీలో ఉన్నదే అందరికీ చూపిస్తుంది. ఇంజిన్‌ఎక్స్ ప్లగిన్‌తో రెన్యూ చేసుకునేవాళ్లకి ఆ రీలోడ్ తనే చేస్తుంది. నేను వెబ్‌రూట్ పద్ధతిలో తీసుకున్నాను, డిప్లాయ్ హుక్ (కొత్తది వచ్చాక దానంతటదే నడిచే కమాండ్) రాయలేదు. చేసిన పాపం అంతే. ఒక్క రీలోడ్, రెండు సెకన్లు, అందరూ లోపలికి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల హెచ్చరిక మెయిల్ వస్తుందిలే అని ఎవరైనా నమ్ముకుని ఉంటే, 2025 జూన్ నుంచి ఆ మెయిళ్లు ఆపేశారు. ఆపక ముందైనా ఇలాంటి కేసులో వచ్చేది కాదు, వాళ్ల లెక్కలో మీ సర్టిఫికెట్ కొత్తదైపోయింది కదా. డిస్క్ మీద ఫైలు చూసి మురిసిపోకుండా, బయటి నుంచి 443 పోర్టుకి వెళ్లి అసలు ఏం చూపిస్తోందో చూసే చిన్న స్క్రిప్ట్ ఒకటి క్రాన్‌లో (వేళకి దానంతటదే నడిచేలా) పెట్టుకున్నాను. 20 రోజుల కంటే తక్కువ ఉంటే నాకు మెసేజ్ వస్తుంది.

ఎస్ఎస్ఎల్‌తో సంబంధం లేదు గానీ మనవాళ్లకి పనికొచ్చే సంగతి: తెలుగు టైపింగ్. ఇద్దరు వేరే వేరే పేరాల్లో రాస్తే ఏ ఇబ్బందీ లేదు. ఒకే పేరాలో ఇద్దరూ ఒకేసారి టైప్ చేస్తే మాత్రం గుణింతాలు, ఒత్తులు అప్పుడప్పుడూ చెదురుతాయి. "వక్రీభవనం" అని కొడుతూ ఉంటే, క కింద రావత్తు ఇంకా పూర్తికాని క్షణంలో అవతలివాళ్ల మార్పు వచ్చి పడిందనుకోండి, కీబోర్డు చేతిలో సగం ఉన్న అక్షరం జారిపోయి, చుక్కల సున్నా మీద దీర్ఘం వేలాడుతూ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక నొక్కుడుకి ఒక అక్షరం, అక్కడితో సరి. మనకి ఫొనెటిక్ కీబోర్డులో అక్షరం కుదురుకోవడానికి మూడు నాలుగు నొక్కులు పడతాయి, ఆ వ్యవధిలోనే ప్రమాదం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడే ఒక సార్‌కి ఈ సమస్య దాదాపు రాదు, ఎందుకంటే అందులో ఒక్కో నొక్కు నేరుగా ఒక గుర్తుగా పడిపోతుంది. మిగతావాళ్లు అలవాటు మార్చుకోమంటే ఊరుకుంటారా. అందుకని ప్రశ్నకో పేరా, మనిషికో ప్రశ్న అని వాళ్లే నియమం పెట్టుకున్నారు.

పేజీలకి తెలుగు పేర్లు పెట్టొచ్చు, పెట్టాం. కానీ అడ్రస్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తుల వరద. లెక్క చూస్తే న్యాయమే, "తెలుగు" అనే చిన్న మాటలో యూనికోడ్ ప్రకారం ఆరు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటుకి అడ్రస్‌లో మూడు అక్షరాలు, మొత్తం 54. "కాంతి వక్రీభవనం అదనపు ప్రశ్నలు" అని పేరు పెడితే లింకు ఫోన్ స్క్రీన్ నిండిపోతుంది. ఇంకో చోట కూడా ఇది కుట్టింది. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ పాస్ (వెనక ఎక్కడికి పంపాలో చెప్పే సెట్టింగు) అడ్రస్ చివర స్లాష్ గీత పెడితే అది వచ్చిన అడ్రస్‌ని ఒకసారి విప్పి మళ్లీ కట్టి పంపుతుంది, గీత పెట్టకపోతే వచ్చింది వచ్చినట్టు ఇస్తుంది. పేర్లలో స్లాష్ ఉన్న పేజీలు నాకు తెరుచుకోనిది దీనివల్లే. మేడమ్ గారు "2023/24 పేపర్లు" అని పేరు పెట్టారు, ఎవరు మాత్రం వద్దనగలరు. గీత తీసేశాను, టామ్‌క్యాట్ వైపు కూడా ఎన్‌కోడ్ చేసిన స్లాష్‌ని రానివ్వమని ఒక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. బొమ్మలు ఎక్కించేటప్పుడు 413 వస్తే, అది ఇంజిన్‌ఎక్స్ 1 ఎంబీ హద్దు, పెంచేయండి.

ఇన్ని కష్టాలు చెప్పి, మరి మంచిదంటావా చెడ్డదంటావా అంటే, నేను ఇంకా వాడుతున్నాను, ఇంకొకళ్లకి కూడా పెట్టిచ్చాను. పైన చెప్పినవాటిలో తెలుగు టైపింగ్ తప్ప మిగతావి దాదాపు అన్నీ నా కాన్ఫిగరేషన్ తప్పులే, అదీ మధ్యలో కూర్చున్న ఇంజిన్‌ఎక్స్ దగ్గర. ఈథర్‌ప్యాడ్ లాంటివాటిలో వెబ్‌సాకెట్ కుదరకపోతే లాంగ్ పోలింగ్ అనే పాత దారిలో నెట్టుకొస్తాయి, కాస్త నిదానంగానైనా పని జరుగుతుంది, తప్పు ఉన్న సంగతి ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు కూడా. ఇక్కడ ఆ రెండో దారి నాకు కనిపించలేదు. సాకెట్ ఉంటే అందరూ కలిసి, లేకపోతే ఎవరి గదిలో వాళ్లు. నాకు ఆ కచ్చితత్వం ఇష్టమే, కాకపోతే సాకెట్ తెగినప్పుడు పేజీ మధ్యలో పెద్దగా అరిస్తే బాగుండేది. మా టీచర్లకి నేను నేర్పిన మొదటి పాఠం అదే: రాయడం మొదలుపెట్టే ముందు పైన మిగతావాళ్ల పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి, కనిపించకపోతే ఒక్క అక్షరం కూడా కొట్టకుండా నాకు ఫోన్ చేయండి. ఫోన్లు వస్తున్నాయి, రాత్రి ఎనిమిదింటికి నా నంబరు ఎంగేజ్ ఉంటే ఇంట్లోవాళ్లు కూడా వికీయే అనుకుంటారు.

కొత్తగా పెట్టుకునేవాళ్లు ఒక పని చేయండి, ఎస్ఎస్ఎల్ పెట్టకముందే లోపలి పోర్టులో 101 వస్తోందో లేదో కర్ల్‌తో చూసి ఆ కమాండ్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. తర్వాత ఏది చెడినా ముందు లోపల, తర్వాత బయట అదే కమాండ్ కొడితే తప్పు గుమ్మానికి ఇటుందో అటుందో నిమిషంలో తేలిపోతుంది. నా రెండు రోజులు అలా మిగిలేవి.

ఇప్పుడు నా ముందున్న పని ఎక్స్‌వికీ 17 కి మారడం. దానికి టామ్‌క్యాట్ 10.1 కావాలి, 16 కేమో 9 కావాలి. ఉబుంటు 24.04 రిపోజిటరీల్లో టామ్‌క్యాట్ 9 సర్వర్ ప్యాకేజీ లేదు కాబట్టి ఇన్నాళ్లూ 22.04 లోనే ఉండిపోయాను. ఓఎస్, టామ్‌క్యాట్, వికీ మూడూ ఒకేసారి మారాలి, మారితే మళ్లీ ఆ వాల్వ్, ఆ హెడర్లు, ఆ 101. వేసవి సెలవుల దాకా ఏదీ ముట్టుకోవద్దని బావ ఒట్టు వేయించుకున్నాడు, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి.